ఆకురాయి కాళ్ళు

ఆ రోజు మంచం మీద మా ఆవిడ కొత్త పట్టుచీర పరిచి ఉంది. నీరుగట్టువారిపల్లె మగ్గం దిగి రెండు రోజులు కూడా కాలేదు. గోడ గడియారం ఆగిపోతే సెల్లు మార్చడానికి మంచమెక్కాను. పని ముగించి దిగాను. నాతోపాటు నా కుడి మడమకు తగులుకుని జానెడు జరీ పోగు కూడా దిగింది.

"ఇవి కాళ్ళా, ఆకురాళ్ళా?" అంది.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే విన్నాను గాని, అరికాలు ఒకరిదీ నెత్తి ఇంకొకరిదీ కావడం అదే చూడటం. అప్పటికి కాలికి బుద్ధి చెప్పి వీధిలోకి వచ్చేశాను. అంతకుముందు నా కాలికి నేను చెప్పింది గాని, రాసింది గాని ఏమీ లేదు. మదనపల్లె టమోటా మండీలో గుమాస్తాను. ఇన్నేళ్ళూ లెక్కలు రాశానే తప్ప కాళ్ళకేమీ రాయలేదు.

నా వైపు నుంచీ కాస్త వినాలి. తెల్లారుజామున వెనక పట్టీ లేని రబ్బరు చెప్పులేసుకుని వెళ్ళి, సిమెంటు నేల మీద పది గంటలు నిలబడతాను. ఒంటి బరువంతా మడమల మీద పడుతుంది. పట్టుకునే పట్టీ లేక మడమ పక్కలకు పరుచుకుంటుంది. ఎండి దళసరెక్కిన చర్మం సాగలేక చీలుతుంది. ఆ చీలికల్లో ఎర్రమట్టి చేరి గట్లు వేసుకుంటుంది. దేశమంతటినీ లేపి నిలబెట్టే జనగణమనను రవీంద్రుడు ఇంగ్లీషు చేసింది 1919లో, మా ఊరి బీసెంట్ కాలేజీలోనే. దానికి నిలబడాల్సింది 52 సెకన్లు. మండీలో అంత త్వరగా ముగిసే పాటేదీ లేదు.

చీర సంగతి సాయంత్రానికి పుంగనూరు చేరింది. అత్తగారు ఫోను చేశారు. "వెన్నలో పసుపు కలిపి పూసుకో నాయినా" అన్నారు. వాళ్ళింట్లో పుంగనూరు ఆవుంది, మూడడుగుల ఎత్తు దాటదు. "ఆ వెన్న దేవుడికి" అని వెనక నుంచి మామగారి గొంతు వినబడింది. ఆయన రోజూ సాయంత్రం ఆ ఆవు గిట్టలు కడిగి, రాళ్ళేమైనా ఇరుక్కున్నాయేమో చూస్తారు. నా కాళ్ళూ ఆయనే కడిగారు, పెళ్ళిపీటల మీద. ఇరవై ఏడేళ్ళయింది. మళ్ళీ వాటి వంక చూసిన పాపాన పోలేదు.

కుప్పంలో మా అక్క ఉంది. ఆ ఊళ్ళో ఏ బాధకైనా మూడు భాషల్లో మందు దొరుకుతుంది. మా అక్క మడమ అంటే పక్కింటి తమిళామె కుదికాల్ అంది, ఎదురింటి కన్నడామె హిమ్మడి అంది. ఒకరు కొవ్వొత్తి కరిగించి కొబ్బరినూనెలో కలపమన్నారు, ఒకరు వేపాకు నూరమన్నారు. "మదనపల్లెలో ఉండి టమోటా రుద్దుకోలేవా?" అంది అక్క. 2023 జూలైలో కిలో 150 రూపాయలు దాటింది. అప్పుడు టమోటా కాలికి రాసుకుంటే రాత్రికి దొంగలొచ్చేవాళ్ళు. ధర పడిపోయి రోడ్డు పక్కన పారబోసే రోజుల్లో, రైతు ముఖం చూశాక రుద్దుకోబుద్ధి కాదు.

చివరికి నన్ను దారిలో పెట్టింది మేనకోడలు. కుప్పంలో రైలెక్కి రోజూ బెంగళూరు ఉద్యోగానికి పోయి వచ్చే పిల్ల. "దాన్ని పెడిక్యూర్ అంటారు మామా. ఎనిమిది వందలు పారెయ్యొద్దు, ఇంట్లోనే చేసుకో" అని ఫోనులోనే ఉపదేశం చేసింది.

ఆదివారం వరండాలో టబ్బు పెట్టాను. గోరువెచ్చని నీళ్ళు, గుప్పెడు కల్లుప్పు, కాస్త షాంపూ. కాలు పెట్టేముందు చెయ్యి పెట్టి చూడమంది మేనకోడలు. అత్తగారు తనూ చేసుకుంటానంటే మాత్రం వద్దంది. ఆమెకు షుగరు, పాదాలు మొద్దుబారి ఉన్నాయి, నీళ్ళు కాలుతున్నా తెలియదు. అలాంటివాళ్ళు నానబెట్టనూ కూడదు, గీకనూ కూడదు, డాక్టరుకు చూపించుకోవాలి.

పదిహేను నిమిషాలు కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. పక్కింటి పెద్దాయన గోడ మీద నుంచి తొంగి చూశాడు. "ఏమప్పా, కాళ్ళు కడుక్కోని కూసున్నావు, మళ్ళా పెండ్లా?" అన్నాడు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

తర్వాత ప్యూమిస్ రాయి. అగ్నిపర్వతం నురగ గడ్డకడితే వచ్చే రాయట, టబ్బులో వేస్తే తేలింది. రామాయణం తర్వాత రాయి తేలడం మా వరండాలోనే. చేతిలోకి తీసుకున్నాక కాస్త జంకాను. అలిపిరి నుంచి 3,550 మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కించినవి ఈ మడమలే కదా! అయినా జరీ పోగు గుర్తొచ్చి రుద్దాను. నీళ్ళ రంగు చూస్తే మండీలో సగం నా వెంట ఇంటికొచ్చిందని తేలింది. ఒక్కరోజులో నున్నగా చెయ్యాలని పట్టుబట్టొద్దనీ, బ్లేడు అసలు ముట్టొద్దనీ మేనకోడలి ఆజ్ఞ. గోళ్ళు అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి. మూలలు తవ్వితే గోరు కండలోకి దిగుతుంది. వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడుచుకుని, మడమలకు ఆముదం పట్టించి, మేజోళ్ళు తొడుక్కుని పడుకోవాలి.

మేజోళ్ళు లేకుండా టైల్స్ మీద నడవకూడదని ఆ పిల్ల చెప్పలేదు. నేను చెబుతున్నాను. ఎలా తెలిసిందని అడగొద్దు.

ఇంట్లో ఉన్నవి మా వాడి చిన్నప్పటి బడి మేజోళ్ళే, తెల్లవి. తెల్లారి వాటి మీదే చెప్పులేసుకుని మండీకి వెళ్ళిపోయాను. "సార్, బడికి పోతాండారా?" అన్నాడు హమాలీ. రెండు లారీల సరుకు దిగేదాకా ఆ నవ్వు ఆగలేదు.

మూడు వారాలైంది. నా కాలు దుప్పటికి తగులుకోవడం మానింది. ఆదివారం పొద్దున టబ్బు నాది, సాయంత్రం మా ఆవిడది. ఆమె కాళ్ళు తుడుచుకుంటుంటే మొదటిసారి సరిగ్గా చూశాను. ఇంట్లో ఉన్న ఆకురాళ్ళు రెండు జతలు! ఆ మాట ఇంతవరకు పైకి అనలేదు, మీరూ అనకండి. చీరకు రఫ్ఫు చేసినా గీత కనిపిస్తూనే ఉంది. మీ ఇంట్లో గడియారం ఆగితే, మంచమెక్కేముందు ఒక్కసారి మడమ తడిమి చూసుకోండి.