పులసమ్మకు నిచ్చెన వేశాం

గోదావరి చేపల్ని ఎవరూ పట్టించుకోవడం లేదని వాపోయేవాళ్లు ఒకసారి పోలవరం వెళ్లి రావాలి. 960 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం లెక్కల్లో తలమునకలై ఉండి కూడా మనవాళ్లు పులసమ్మను మరవలేదు. స్పిల్‌వేలో ఆవిడ కోసమే చేపల నిచ్చెన పెట్టారు. బారక్‌పూర్‌లోని మత్స్య పరిశోధన సంస్థ వాళ్ల సలహా తీసుకుని మరీ పెట్టారు. ఊళ్లు మునిగి కొండ దిగిన నిర్వాసితులు తమకూ ఇంత శ్రద్ధగా దారి చూపిస్తే బాగుండునని అసూయ పడుతుంటే మనమేం చేస్తాం!

కాకపోతే పులస వచ్చేది సముద్రంలోంచి. పోలవరానికి 42 కిలోమీటర్ల దిగువన ధవళేశ్వరం బ్యారేజీ అడ్డంగా నిలబడి ఉంది. వరదకి గేట్లెత్తిన రోజుల్లో దాటితే దాటినట్టు, లేదంటే యాత్ర అక్కడితో సరి. వీధి తలుపుకి తాళం వేసి, మేడ మీదికి మెట్లు కట్టించాం రమ్మన్నట్టుంది మర్యాద.

పైగా నిచ్చెనలు సాల్మన్ చేపకు అలవాటు. అది ఎగిరి దూకుతుంది. మన పులసకి ఎదురీదడమే తెలుసు, గెంతడం చేతకాదు. 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక, ఒకప్పుడు అలహాబాద్ దాకా వెళ్లిన గంగ ఇలస, అంటే అక్కడి పులసే, ఆనకట్ట కిందే ఆగిపోయింది. అక్కడా చేపల కోసం లాకులు పెట్టారు. చేపలకే కబురు అందలేదు.

చేపల మాట అలా ఉంచి, అడవి జంతువుల అభిప్రాయం అడగలేదని కొందరి ఫిర్యాదు. ఎందుకు అడగలేదు? ఉదాహరణకి, కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ గ్యాస్ 2009లో గాడిమొగ తీరానికి చేరింది. పక్కనే కోరింగ మడ అడవి. ప్రాజెక్టులంటే ప్రజాభిప్రాయ సేకరణ తప్పదని 2006 నాటి నోటిఫికేషన్ చెబుతూనే ఉంది. షామియానా వేస్తారు, ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు, మజ్జిగ ప్యాకెట్లు పంచుతారు, కుర్చీకొక పోలీసు నిలబడతాడు. ఆ అడవిలోని బావురుపిల్లి రాత్రిళ్లు తిరిగే జంతువు. సభ పగలు పెడతారు. నీటికుక్కకి ఆధార్ కార్డు లేదు. ఇక అభ్యంతరం ఎవరిదని మినిట్స్‌లో రాస్తారు?

పులస రాకపోయినా తినేవాళ్లకి లోటు రానివ్వరు మన వ్యాపారులు. ఒడిశా, బెంగాల్ ఇలసలు ఐసు పెట్టెల్లో లారీ ఎక్కి దిగుతాయి. దారిలో టోల్‌గేట్లే తప్ప ఆనకట్టలుండవు. బెండకాయలేసి పులుసు పెట్టి, మర్నాటిదాకా ఆగి తింటే సగంమందికి తేడా తెలీదు. యానాం వేలంలో అసలు పులస ఒక్కటే ఇరవై వేలు దాటిందని పేపర్లో ఫొటో వేసుకుంటాం. అంత అరుదెందుకయిందో రాసుకోం.

అమెరికావాడు మాత్రం తక్కువ తిన్నాడా? కొలంబియా నది మీద వరసపెట్టి డ్యాములు కట్టి, ఇప్పుడు సాల్మన్ పిల్లల్ని బార్జీల్లో, లారీల్లో ఎక్కించి సముద్రం వైపు సాగనంపుతున్నాడు. నవ్వొచ్చే మాటే. కానీ ఆ నవ్వు మధ్యలో ఒకటి గమనించాలి. ఆ నది మీది బోనవిల్ డ్యాము దగ్గర 1938 నుంచి నిచ్చెనెక్కే చేపల్ని లెక్కపెడుతున్నారు. అద్దాల కిటికీ ముందు మనిషిని కూర్చోబెట్టి, ఏ జాతివి ఎన్ని దాటాయో రాయిస్తారు. ఆ లెక్క ఎవరైనా చూడొచ్చు. కరెంటు అమ్మిన డబ్బులోంచే చేపల ఖర్చు భరించాలని 1980లో చట్టం కూడా చేసుకున్నారు.

మన దగ్గర మెగావాట్ల లెక్క దశాంశాలతో సహా దొరుకుతుంది. పులస లెక్క కావాలంటే వేలంపాట దగ్గరికి వెళ్లాలి. అందుకే పోలవరంలో రిబ్బను కత్తిరించడానికి వచ్చే పెద్దల్ని, ఏ పార్టీవారైనా సరే, ఒక్కటే అడగండి: ఈ నిచ్చెన ఎన్ని చేపలు ఎక్కాయో రోజూ రాసే బోర్డు ఎక్కడ? మొదటి ఏడాది దాని మీద సున్నా పడినా నష్టం లేదు. ఆ సున్నా చూపించే ధవళేశ్వరంలోనూ చేపకు దారి అడగొచ్చు.