డబ్లిన్‌లో అద్దె ఇల్లు: లెక్క తప్పని మార్గం

డబ్లిన్‌లో ఇల్లు దొరకడం లేదని వాపోయేవాళ్లందరికీ లెక్కలు రావు, అంతే. 1960లో మార్టిన్ గార్డ్‌నర్ సైంటిఫిక్ అమెరికన్‌లో ఆటగా పరిచయం చేసిన సూత్రం ఉండనే ఉంది. మొదటి 37 శాతం ఇళ్లు ఎంత బాగున్నా వదిలేయాలి. ఆ తర్వాత, అప్పటిదాకా చూసిన అన్నిటినీ మించిన ఇల్లు కనబడగానే సరే అనాలి. అన్నిటికంటే మంచి ఇల్లు దక్కే అవకాశం ఏ ఇతర పద్ధతిలోనూ ఇంతకన్నా ఎక్కువుండదు.

100 ఇళ్లు చూడదలిస్తే 37 వద్దనండి. డ్రమ్‌కాండ్రాలో ఓనరు తాళాలు చేతిలో పెట్టినా పుచ్చుకోకండి. "ఇంకా శాంపిల్ చూస్తున్నానండీ" అనండి. ఆయనేమీ నొచ్చుకోడు, మీ వెనక క్యూ వీధి మలుపు తిరిగి ఉంది. ఈమెయిల్‌కి జవాబివ్వని ఓనర్లను కూడా మీరే వద్దన్నట్టు రాసుకుంటే 37 వారంలో పూర్తవుతాయి. అసలైన ఇల్లు ఆ 37లోనే పోయిందా, ఇక ఏదీ దాన్ని మించదు, నూరోది ఎలా ఉన్నా తీసుకోవాల్సిందే. ఇది ఇంట్లోవాళ్లకి ముందే చెప్పనక్కర్లేదు. అన్నట్టు, ఈ సిద్ధాంతంలో ఇల్లు మిమ్మల్ని కాదనడానికి వీల్లేదు. ఏజెంటుకి మర్యాదగా గుర్తు చేయండి.

బేరానికి ఫ్రాన్సిస్ ఎడ్జ్‌వర్త్ ఉన్నాడు. 1845లో లాంగ్‌ఫర్డ్ కౌంటీలో, తమ ఇంటిపేరే ఊరిపేరైన చోట పుట్టినవాడు. ఇద్దరే ఉన్నప్పుడు బేరం ఒక గీత మీద ఎక్కడైనా తెగొచ్చనీ, రెండు వైపులా జనం పెరిగేకొద్దీ ఆ గీత కుంచించుకుపోతుందనీ 1881లో తేల్చాడు. మీ దగ్గర ఒకవైపే పెరిగారు, ఆ చిన్న తేడా పట్టించుకోకండి. గీత గీసి ఓనరుకి చూపించండి. ఆరు నెలల అద్దె ముందే ఇస్తామంటూ ఆశపెట్టడం మాత్రం నాటు పద్ధతి. పైగా 2021 ఆగస్టు నుంచి చట్టం, విద్యార్థుల సంగతి అటుంచితే, ఒక నెల డిపాజిట్టు, ఒక నెల అడ్వాన్సు దాటనివ్వదు.

క్యూలో వాన మొదలైతే గొడుగు తీసేముందు దాని లాభాన్ని సంభావ్యతతో హెచ్చవేయండి. ఇందులో మనకి ఆదర్శం కార్క్ క్వీన్స్ కాలేజీ తొలి గణితాచార్యుడు జార్జ్ బూల్. ఆలోచనకే నియమాలు కట్టి 1854లో అచ్చువేసిన మనిషి, పదేళ్ల తర్వాత జోరువానలో కాలేజీకి నడిచివెళ్లి తడిబట్టలతోనే పాఠం చెప్పాడు. నెమ్ము చేసి 1864 డిసెంబరు 8న పోయాడు గానీ పాఠం ఎగ్గొట్టలేదు. మీరూ వ్యూయింగ్ ఎగ్గొట్టకండి. పేస్లిప్పులు, పాత ఓనరిచ్చిన రిఫరెన్సు మటుకు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి.