పేరు శాతవాహన, గోడ సిమెంటు

"తాతా, యూనివర్సిటీ అంటే ఏంది?" అని మా దిక్కు పెద్దమనిషిని అడిగితే "పట్నం పోయే బస్సు" అంటడు. తప్పేం లేదు. 1918ల ఉస్మానియా పుట్టిన కాన్నుంచి 2008 దాకా, తొంబై ఏండ్లు, కరీంనగర్, ఆదిలాబాద్ పిల్లలకు పెద్ద సదువంటే ఇంకొకల ఊళ్ళెనే. మొదలు పట్నం, 1976 నుంచి వరంగల్.

పట్నంల దిగినోడు ఆర్ట్స్ కాలేజీ ముంగట నిలవడి నోరు తెరిసెటోడు. తెరవద్దా మరి! ఏండ్లకేండ్లు కిరాయి ఇండ్లల్ల పాఠాలు నడిపిచ్చినంక నిజాం సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరిని "దేశదేశాల యూనివర్సిటీలు సూసి రార్రి" అని తోలిండు. వాళ్ళు ఈజిప్టుల కట్టడాలు కట్టిన బెల్జియం మనిషి ఎర్నెస్ట్ జాస్పర్‌ను పట్టుకున్నరు. 1934 జూలై 5న పునాది, 1939 డిసెంబర్ 4న ప్రారంభం. గులాబి రంగు గ్రానైటు, మసీదు తీరు కమాన్లు, అజంతా ఎల్లోరా యాదికొచ్చే స్తంభాలు. దేశాలు తిరిగొచ్చే సార్లకు ఇయ్యాల్ల కూడ కొదవ లేదు. తిరిగొచ్చినంక రాయి మీద రాయి పడుడే తక్కువ.

గొప్ప జెప్పుడు అయింది, ఇగ రెండో దిక్కు. ఆ గోడలు లేస్తున్నప్పుడే, 1938ల, వందేమాతరం పాడిన్రని ఆ యూనివర్సిటీ పిల్లలను బయటికి గెంటింది. గెంటిచ్చుకున్నోళ్ళల్ల మా వంగర పీవీ నర్సింహారావు ఒకలు. నాగపూర్ పోయి సదువుకున్నడు. దర్వాజ అంత ఎత్తు పెట్టిన్రు గని ఒక్క పాట పట్టే సందు పెట్టలే. ఇండ్లల్ల తెలుగు, పాఠాలల్ల ఉర్దూ. ఆ ఉర్దూలనే సదివి మా హనుమాజీపేట సినారె తెలుగుకు జ్ఞానపీఠం తెచ్చిండు. (గొప్ప భవనానిదా, పిల్లగానిదా? భవనానిదే అని రాస్తరు తియ్యి, దానికి ఫోటో మంచిగొస్తది.)

తెలంగాణ పేరు మీద లాఠీ దెబ్బలు దిన్న పిల్లలను సూసింది గూడ ఆ ఆర్ట్స్ కాలేజీ మెట్లే. రాష్ట్రమొచ్చింది. మెట్లు ఆడనే ఉన్నయి, మేము ఈడనే ఉన్నం.

మాకేమొచ్చింది? 2008ల బాసరల ట్రిపుల్ ఐటీ. సరస్వతమ్మ ఊళ్ళె సదువుల గుడి, ఇంతకన్న శుభమేముంటది? 2022 జూన్‌ల అక్కడి పిల్లలు ఎండకు వానకు గేటు కాడ దినాల తరబడి కూసున్నరు. గులాబి గ్రానైటు కావాలె అనలే. తినేటట్టు బువ్వ పెట్టుర్రి, పూర్తికాలం వీసీని వెయ్యుర్రి అన్నరు. అంతకు ముందే జిల్లాలు పంచుకుంటే బాసర నిర్మల్ వాటాకు పోయింది. ఆదిలాబాద్ చేతుల బస్సు టికెటే మిగిలింది.

కరీంనగర్ అదృష్టం ఇంకా పెద్దది. అదే 2008ల మా పీజీ సెంటర్‌కు బోర్డు మార్చి "శాతవాహన విశ్వవిద్యాలయం" అన్నరు. పేరు వయసు రెండు వేల ఏండ్లు, గోడ వయసు బోర్డంతే. అయినా పేరు మాత్రం ఊకెనే పెట్టలే. గోదావరి ఒడ్డు కోటిలింగాలల శాతవాహనుల మొదటి రాజు సిముకుని నాణేలు దొరికినయి. అంతకు ముందటి గోబద, సామగోపల నాణేలు గూడ దొరికినయి. ధూళికట్టల బౌద్ధ స్తూపం బయటవడ్డది. ఇసోంటి నేల ఇంకో దేశంల ఉంటే కంచె ఏసి, టికెట్ పెట్టి, పక్కనే పెద్ద మ్యూజియం కడుతురు. మనోళ్ళు తెలివైనోళ్ళు, ఎల్లంపల్లి ప్రాజెక్టు కట్టిన్రు. కోటిలింగాల ఒడ్డు నీళ్ళల్లకు పోయింది. రాజు పేరు గేటు మీదికి, రాజు ఊరు నీళ్ళ కిందికి.

ఆ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరు నిలవాలని రాయి పేర్చిండు. మనకు రాయి తిప్పలెందుకు, పెయింటర్ ఉంటె సాలు. సర్కారు మారినప్పుడల్లా బోర్డు తుడవచ్చు, ఖర్సు తక్కువ.

గిప్పుడు చరిత్ర సదివే పిల్లలను శాతవాహనుల కోటకు తోల్కపోవాలంటే పడవ మాట్లాడాలె. వచ్చే ఏడు ఫీజుల రసీదుల ట్యూషన్ కింద, లైబ్రరీ కింద, "ఈత" అని ఒక గీత పడ్తదేమో సూడాలె.