చారాణా కోడికి బారాణా మసాలా

2025 జనవరిలో లాస్ వేగాస్ సీఈఎస్ వేదిక మీదికి ఎన్విడియా అధినేత జెన్సన్ హువాంగ్ తళతళలాడే నల్ల తోలు కోటుతో వచ్చి లోకానికో శుభవార్త వినిపించారు. ఆర్టీఎక్స్ 5070 అనే కొత్త గ్రాఫిక్స్ కార్డు అక్షరాలా ఆర్టీఎక్స్ 4090 అంత పనిమంతురాలట. ధర 549 డాలర్లేనట. 2022లో 1,599 డాలర్లు ధారపోసి 4090 కొన్నవాళ్ల గుండెల్లో రాయి పడింది. కొనలేకపోయినవాళ్లకు వాళ్ల మొహాలు చూస్తేనే కడుపు నిండింది. ఏఐ లేకుంటే ఇది కుదిరేది కాదని కూడా ఆయన ఓ మాట అన్నారు గానీ, అది చప్పట్లలో కొట్టుకుపోయింది.

సరే, రెండు కార్డుల జాతకాలూ పక్కపక్కన పెట్టి చూద్దాం. లెక్కలు కట్టే ‘కూడా’ కోర్లు (పేరే అది, పెట్టింది తెలుగువాడు కాదు) 4090లో 16,384. 5070లో 6,144. తాతల నాటి లెక్కలో రూపాయికి సరిగ్గా ఆరణాలు, పైసా ఎక్కువ లేదు, తక్కువ లేదు. మెమరీ అక్కడ 24 జీబీ, ఇక్కడ 12. మెమరీకి వెళ్లే దారి వెడల్పు అక్కడ 384 బిట్లు, ఇక్కడ 192. కొత్త రకం జీడీడీఆర్7 మెమరీ పుణ్యమా అని 5070 సెకనుకు 672 గిగాబైట్లు మోస్తుంది గానీ, పాతదాని 1,008 ముందు అదీ దిగదుడుపే. ఒక్క కరెంటు విషయంలో మాత్రం కొత్త కోడలు పొదుపరి: 450 వాట్ల చోట 250తో సరిపెట్టుకుంటుంది. అది మెచ్చుకోవలసిందే.

మరి ఆరణాల సరుకు పదహారణాల సరుకుతో ఎలా తూగింది? తూకంరాయి మార్చారు గనక.

ఆటలో కదిలే బొమ్మ అంటే వరసగా మారే ఫ్రేములు. ఇదివరకు వాటిని కార్డే ఒక్కొక్కటీ గీసేది. ఇప్పుడు కార్డు ఒకటి గీస్తే, మధ్యలో మూడు ఏఐ ఊహించి అతికిస్తుంది. దీనికి మల్టీ ఫ్రేమ్ జనరేషన్ అని పేరు. పాపం 4090కి ఆ యోగం లేదు, అది ఒకటికి ఒకటే అతికించగలదు. కంపెనీవారు ఒకదానికి మూడు దొంగ ఫ్రేములు, రెండోదానికి ఒకటి ఇచ్చి, మొత్తం లెక్కపెట్టి, ఇద్దరూ సమానమేనన్నారు. తెర మీద రెండింటికీ సెకనుకు 120 ఫ్రేములు పడ్డాయనుకోండి. 4090 స్వయంగా గీసినవి 60. 5070 గీసినవి 30. సమానం అని చాటిన ఆ లెక్కే, కొత్తది సగం పనే చేసిందని నోరు జారి చెబుతోంది.

చారాణా కోడికి బారాణా మసాలా అని హైదరాబాదులో సామెత పుట్టించిన మహానుభావుడెవరో గానీ, గ్రాఫిక్స్ కార్డును ముందే కలగన్నట్టున్నాడు. పావు వంతు కోడి, ముప్పావు మసాలా. కొలత ఎక్కడా తప్పలేదు.

ఆగండి, ఆ చారాణా కూడా పూర్తిగా కోడి కాదు. చిన్న బొమ్మను ఏఐ చేత పెద్దది చేయించే డీఎల్‌ఎస్‌ఎస్‌ అనే ఏర్పాటులో ‘పెర్ఫార్మెన్స్’ అనే మీట ఉంది. 4కె బొమ్మ కావాలని మీరడిగితే, కార్డు అందులో నాలుగో వంతు చుక్కలున్న 1080పీ బొమ్మ గీసి, మిగతావి ఏఐ చేత ఊహింపజేస్తుంది. నాలుగింట ఒక ఫ్రేము, ఆ ఫ్రేములో నాలుగో వంతు. పావలాలో పావలా ఎంత? అణా. పదహారు చుక్కల్లో కార్డు నిజంగా గీసింది ఒకటి. దీన్ని నేనేదో కష్టపడి బయటపెట్టలేదు. పదహారింట పదిహేను ఏఐవేనని కంపెనీయే గర్వంగా చెప్పుకుంది. నీళ్లు ఎంత కలిపాడో డప్పు వేసి చెప్పే పాలవాణ్ణి నేనైతే ఇప్పుడే చూశాను.

ఊహించడం నేరమని నేననను. కళ్లకు చాలాసార్లు బాగానే ఉంటుంది కూడా. చిక్కు వేళ్ల దగ్గర వస్తుంది. మధ్య ఫ్రేములు అల్లాలంటే ముందుదీ వెనకదీ రెండూ చేతిలో ఉండాలి, అంటే గీసిన తాజా ఫ్రేమును కాసేపు తొక్కిపెట్టాలి. మీరు మీట నొక్కితే దానికి జవాబు వచ్చేది అసలు ఫ్రేములోనే. నకిలీ ముగ్గురికీ మీరు నొక్కిన సంగతే తెలియదు. అసలు ఫ్రేములు అరవై దాకా ఉంటే ఈ ఆలస్యం పెద్దగా తెలియదు. ముప్పై ఉన్నచోట మూడు తగిలిస్తే చూపు పరుగెత్తుతుంది, ఆట ఈడుస్తుంది.

మార్చిలో కార్డు బజారుకొచ్చింది. పరీక్షించేవాళ్లు మసాలా తీసేసి, ఉత్త కోడినే తూచారు. 5070 ఏడాదికి పైగా ముందొచ్చిన 4070 సూపర్ పక్కన కూర్చుంది. 4090 ఎక్కడో ముందుంది. ఇక ఆటలాడని జనం సంగతి? బ్లెండర్‌లో బొమ్మలు రెండర్ చేసేవాడికి, ఇంట్లో ఏఐ మోడల్ నడుపుకోవాలనుకునేవాడికి అతికింపు ఫ్రేములు దమ్మిడీకి పనికిరావు. 20 జీబీ అడిగే మోడల్‌ను 12లో కూర్చోబెట్టే మంత్రం తోలుకోటు జేబులోనూ లేదు.

ఎన్విడియా ఇంట్లో ఇలాంటి లెక్కలు కొత్తవి కావు. 2014లో జీటీఎక్స్ 970కి 4 జీబీ అన్నారు. అందులో చివరి అర జీబీ నత్తనడకదని మరుసటి ఏడాది జనవరిలో తేలింది. అమెరికాలో దావా పడి, కొన్నవాళ్లకు తలా 30 డాలర్లిచ్చి రాజీ పడ్డారు. 2022లో 4080 పేరుతోనే 16 జీబీ ఒకటి, 12 జీబీ ఒకటి ప్రకటించారు. తేడా మెమరీ ఒక్కటే అనుకున్న జనానికి లోపల చిప్పే వేరని తెలిసి గోల చేస్తే, చిన్నదాన్ని విడుదలకు ముందే వెనక్కి పిలిచి, 2023 జనవరిలో 4070 టీఐ అని కొత్త బారసాల చేశారు.

మొన్న మా తమ్ముడి కొడుకు ‘ప్రాజెక్టు కోసం’ కార్డు కావాలంటే, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఓ కొట్టుకు వెళ్లాం. ఏదో ఆట నడుస్తోంది. మూలన ఆకుపచ్చ అంకె 118. కొట్టు కుర్రాడు కీబోర్డు నా ముందుకు జరిపాడు. నొక్కాను. తెర మీది వీరుడు మా ఆఫీసు అటెండరులా ఓ క్షణం ఆలోచించి తిరిగాడు.

“ఏం బాబూ, పిలిస్తే పలకడేం?”

“ఆట కేసి చూడకండి సార్. ఆ మూలన నంబరు చూడండి.”

“నూట పద్దెనిమిది, పెదనాన్నా!” అన్నాడు మావాడు, కళ్లు ఇంత చేసుకుని. నేను మనసులో నాలుగు పెట్టి భాగిస్తున్నాను. ముప్పై కూడా రావడం లేదు.