డీవీఆర్ గారిపై ఒక గృహస్థు ఫిర్యాదు

దొంగ మీద నాకెలాంటి ఫిర్యాదూ లేదు. పాపం, వాడింకా మా ఇంటి దాకా రానేలేదు. నా ఫిర్యాదంతా వాడు వచ్చినప్పుడు రికార్డు చేసి చూపిస్తానని బీరాలు పలికే డీవీఆర్ పెట్టె మీదా, దాన్ని అమ్మేవాళ్ల మీదానూ.

మా ఆవిడ వాదన చిన్నది. వీధిలో అందరిళ్లకీ కెమెరాలున్నాయి, మనకు లేవు, కాబట్టి దొంగ మనింటికే వస్తాడు. ఏ ప్లీడరూ ఖండించలేని వాదన. అందుకని కోఠీ గుజరాతీ గల్లీకి పోయి ఒక దుకాణం మెట్లెక్కాను.

"ఎన్ని చానెళ్లు సార్?" అన్నాడు కౌంటరు దగ్గరి కుర్రాడు. ఆ పెట్టెలకు మామూలుగా 4, 8, 16, 32 తప్ప వేరే అంకెలు రావు. నాకు కావలసినవి కెమెరాకొకటి చొప్పున ఐదు: గేటు, మెట్లు, వెనక సందు, మేడ మీది ట్యాంకు, ప్రహరీ పక్క నందివర్ధనం (దాని పూలు తెల్లారేసరికి ఏ దేవుడికి చేరుతున్నాయో మా ఆవిడకు తేలాలట). ఆ ఐదోదాని కోసం 8 చానెళ్లు కొనాలి. మిగిలిన మూడూ మనవలకు వీలునామా రాయాలి కాబోలు.

తరవాత గోత్రాల విచారణ. అనలాగ్ కెమెరా కోయాక్సియల్ వైరు పట్టుకుని డీవీఆర్ గడపే తొక్కుతుంది, ఐపీ కెమెరా ల్యాన్ కేబుల్‌తో ఎన్‌వీఆర్ గడప. ఎక్స్‌వీఆర్ మాత్రం ఉభయపక్షాలనూ ఒకే పంక్తిలో కూర్చోబెడుతుంది. ఎన్‌వీఆర్ సుగుణం ఒకటి ఒప్పుకోవాలి: పీఓఈ ఉంటే కరెంటూ బొమ్మా ఒకే కేబుల్లో పోతాయి, గోడలు బతికిపోతాయి.

అసలు అభియోగం ఇక్కడుంది. ధర అడిగి, బేరమాడి, జేబులో చెయ్యి పెట్టాక చెప్పాడు: "హార్డ్ డిస్క్ విడిగా సార్." అది లేకపోతే పెట్టె చూస్తుందే గానీ ఏదీ గుర్తు పెట్టుకోదు. పోనీ, ఎంత కావాలి? "1 టీబీ వేయించండి, నెల వస్తుంది." నేను గుమాస్తాగా రిటైరైనవాణ్ణి, లెక్క చూడకుండా సంతకం పెట్టను. ఒక్కో కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు రాస్తే రోజుకు సుమారు 21.6 జీబీ. ఐదింటికి 108. అంటే 1 టీబీ తొమ్మిది రోజులకే నిండి, పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. హెచ్.265 అనే కుదింపు పద్ధతి ఉంటే డేటా దాదాపు సగమై, రోజులు ఇంచుమించు రెట్టింపు కావచ్చు. నెల ఎక్కడ? ఆ కుదింపూ లేకుంటే, సంక్రాంతికి అత్తవారింటికి వెళ్లి పన్నెండో రోజున తిరిగొస్తే, వెళ్లిన రాత్రే పడ్డ దొంగ అందులో ఉండడు. మేం వచ్చి తాళం తీస్తున్న దృశ్యం మాత్రం దివ్యంగా ఉంటుంది.

జనం పెద్దసంఖ్యలో వచ్చే చోట 30 రోజుల రికార్డు ఉంచాలని 2013 నాటి ఉమ్మడి రాష్ట్రపు ప్రజాభద్రతా చట్టం చెప్పింది. పోలీసు స్టేషన్లయితే 18 నెలలు ఉంచాలని సుప్రీంకోర్టు 2020లో అన్నది. గృహస్థు గతి మాత్రం కౌంటరు కుర్రాడి నోటిమాట.

"కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేట్టు పెడతాం సార్, డిస్క్ మిగులుతుంది" అని ఊరడించాడు. రాత్రిళ్లు కెమెరా ముందుకు పురుగులు, పురుగుల కోసం సాలీడు, దాన్ని మింగడానికి బల్లి. కదలికకు కొదవేముంది! దొంగకే చోటుండదు.

పాస్‌వర్డ్ సంగతి మరీ ఘోరం. బిగించడానికి వచ్చేవాడు తనకు గుర్తుండేదే పెట్టి వెళతాడు. ఇలాంటి పెట్టెలూ కెమెరాలే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతో ఉండి, 2016 అక్టోబరులో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాం చేతికి చిక్కి, అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్‌లను గంటల తరబడి మూలన పడుకోబెట్టాయి. మా పూలదొంగ మొహం ఆనవాలు పట్టలేనిది ట్విట్టర్‌ను పడగొట్టగలదన్నమాట!

చివరగా ప్రతిష్ఠ. టీవీ కింద పెడితే దొంగ నగలతో పాటు దాన్నీ చంకన పెట్టుకు పోతాడు. అలాంటి వార్తలు పేపర్లో తరచూ చూస్తూనే ఉన్నాం. అటక మీద పెడితే మే నెల వేడికి అదే ప్రాణం విడుస్తుంది. తాళం వేసిన బీరువాలో పెడితే గాలాడదు, పైగా దొంగ ముందు తెరిచేది దాన్నే.

ఇన్నీ విన్నవించుకుని, దీనికి మీ దగ్గర పూచీ ఏమిటని కుర్రాణ్ణి నిలదీశాను. ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు: "రెండేళ్ల వారంటీ ఉంది సార్. పెట్టె దొంగతనానికి పోతే మాత్రం వర్తించదు."