89 వేల కోట్ల ఎకరములు, ఒక ప్రహరీ గోడ

భూమి చాలకపోవుటచేతనే దాయాదులు తగవులాడుకొందురని రెవిన్యూ శాఖవారును, ప్లీడర్లును, ఊరి పెద్దమనుష్యులును చిరకాలమునుండి ఏకకంఠముగా చెప్పుచు వచ్చుచున్నారు. సర్వే శాఖలో గొలుసు లాగించుటతో మొదలిడి, ఎండలో హద్దురాళ్లు వెదకుచు, ఒకరి గట్టుమీద నిలిచి ఇంకొకరి తిట్లు వినుచు ఉద్యోగము ముగించుకొన్న నాకును ఆ మాట సమంజసముగనే తోచెడిది. అయితే అట్లు చెప్పువారిలో ఒక్కరును మైన్‌క్రాఫ్ట్ ఆడియుండరని మాత్రము నేనిపుడు రూఢిగా చెప్పగలను.

మైన్‌క్రాఫ్ట్ అనునది కంప్యూటరులో ఆడెడు ఆట. పర్వతములు, అరణ్యములు, ఆవులు, తుదకు సూర్యబింబము సైతము చతురస్రముగా నుండు ఒక లోకమున మనలను రిక్తహస్తులుగా దింపి, ఇక నీ తంటాలు నీవు పడుమని ఊరకుందురు. చెట్టును పిడికిలితో గ్రుద్దినచో కొయ్య వచ్చును. కొయ్యతో గునపము, గునపముతో రాయి, రాతితో పొయ్యి, పొయ్యిలో ఇనుము. ఈ విధముగా ఆదిమానవుడు యుగముల తరబడి నేర్చిన విద్యలన్నియు కాఫీ చల్లారులోపల నేర్చి ఇల్లు కట్టుకొనవచ్చును. ఆ ఇంటికి పునాది కూడ అక్కరలేదు. చెట్టు మొదలు నరికి తీసివేసినను పై మాను ఆకాశముననే నిలిచియుండును. ఇసుకయు కంకరయు మాత్రము ఆధారము తప్పిన తత్క్షణము క్రిందపడును. (మన గుత్తేదారులలో కొందరు ఈ సూత్రమును మనలోకమునకు కూడ వర్తింపజేయ యత్నించుచుందురు.) స్వీడన్ దేశీయుడగు మార్కస్ పెర్సన్ దీనిని 2009లో జనులకు చూపెను, 2011 నవంబరులో ఇది పూర్తిరూపమున వెలువడెను, 2014లో మైక్రోసాఫ్ట్ వారు 250 కోట్ల డాలర్లు పోసి దీనిని తయారుచేసిన సంస్థను కొనిరి. అప్పటికి మైక్రోసాఫ్ట్ పగ్గములు పట్టి ఏడాదియైనను నిండని సత్య నాదెళ్ల హైదరాబాదువాడు, బేగంపేట పబ్లిక్ స్కూలులో చదివినవాడు. కావున చేతిలో నాలుగు రాళ్లు పడగానే మనవాడు మొట్టమొదట చేయు పని స్థలము కొనుటయే అనుటకు ఇంతకంటె నిదర్శనము వలదని మా తమ్ముని కుమారుడు వాదించుచుండును. ఈ తమ్ముని కుమారుని గూర్చి ముందు చాల చెప్పవలసియున్నది.

నన్ను ఆకర్షించినది ఆ లోకపు కొలత. ప్రతి దిమ్మయు పొడవు, వెడల్పు, ఎత్తు సరిగా మీటరు. ఎఫ్3 మీట నొక్కినచో మనము నిలిచిన తావు తూర్పు పడమరలందెంత, ఉత్తర దక్షిణములందెంత, ఎత్తు ఎంత యనునది అంకెలలో ప్రత్యక్షమగును. గొలుసు సాగుట, కరణము కనబడకపోవుట, రాత్రికి రాత్రి హద్దురాయికి కాళ్లు వచ్చుట మొదలగు ఈతిబాధలు లేవు. నడిమినుండి నలుదిక్కులకును మూడేసి కోట్ల మీటర్లు ఈ నేల పరచుకొనియున్నదని వినినంతనే కాగితము తీసి లెక్క కట్టితిని: సుమారు 89 వేల కోట్ల ఎకరములు! సముద్రములతో గూడ మన భూగోళపు ఉపరితలమంతయు ఇందులో ఏడవ వంతు. ఆ కాగితమును పరమోత్సాహముతో మా ఆవిడకు చూపగా, ఆమె కందిపప్పు ఏరుట మానకయే, "అందులో మన పేరున ఎంత పట్టా ఉందో చెప్పండి. ఇక్కడ వంటింటి పెంకులు జారిపోయి ఆకాశం కనిపిస్తోంది" అనెను.

మేమిద్దరము రామచంద్రపురమున, మా అబ్బాయి కొడుకు డాలస్‌లో, మా అమ్మాయి కూతురు మెల్‌బోర్న్‌లో, మా తమ్ముని కుమారుడు హైదరాబాదు కొండాపూర్‌లో నుందుము. ఫోనులో పలుకరించినచో "బాగున్నాను తాతయ్యా, తిన్నాను తాతయ్యా" అని రెండు పొడిమాటలు విసరి పారిపోవు పిల్లలే, ఈ లోకమున నా ప్రక్కన నిలిచి బొగ్గు త్రవ్వుచు, బడిలో ఎవరితో మాటలు లేవో, ఏ పంతులమ్మకు ఏ పేరు పెట్టిరో అడుగకయే చెప్పుచుందురు. అందువలన, అర్ధశతాబ్దము క్రిందట చీలిపోయిన మా ఉమ్మడి కుటుంబము ఒక అద్దె సర్వరు మీద తిరిగి ఏకమయ్యెను. అద్దె కట్టునది మా అబ్బాయి. ఏలునది వాని కొడుకు. వర్షము నాపుటకు, అస్తమించిన సూర్యుని లేపుటకు, అపరాధిని లోకమునుండియే వెలివేయుటకు వానికి అధికారము కలదు. పురాణములలో దేవేంద్రునకు ఇన్ని హక్కులు ఉన్నట్లు తోచదు. ఆయనకు హోమ్‌వర్కు కూడ లేదు.

మేము శనివారము ఉదయము ఏడు గంటలకు సమావేశమగుదుము. ఎండకాలమున అపుడు డాలస్‌లో శుక్రవారపు రాత్రి ఎనిమిదిన్నర, మెల్‌బోర్న్‌లో పట్టపగలు పదకొండున్నర. ఈ మూడు కాలములు చాలవన్నట్లు ఆటలో నాలుగవ కాలమొకటి కలదు; అందు ఒక అహోరాత్రము మన 20 నిమిషములలో ముగియును. చీకటి పడెనా, శవములు లేచి నడచును, అస్థిపంజరములు బాణములు వేయును, సాలెపురుగులు గోడలెక్కును. దీనికి ప్రతిక్రియ నిద్ర. లోకముననున్న వారందరును ఏకకాలమున శయ్యలపై పవ్వళించినచో క్షణములలో తెల్లవారును; ఒక్కడు మేలుకొనియున్నను రాత్రి తొందరపడదు. కొందరు నిద్రించిన చాలునట్లు సడలించుకొను వెసులుబాటు 2021 నుండి ఉన్నను మా దేవేంద్రుడు దానిని ముట్టుకొనడు. "అందరూ పడుకోవాలి తాతయ్యా, రూలంటే రూలే."

ఆ ఒక్కడు ఎల్లప్పుడును మా తమ్ముని కుమారుడే. మేము మువ్వురము ఎర్రని దుప్పట్లు కప్పుకొని వరుసగా పండుకొని ఇంటికప్పు చూచుచుండగా, వాడు వజ్రములుండెడు పాతాళమున ఎచ్చటనో గునపము టకటకలాడించుచుండును.

"బాబాయ్, పడుకో!" అని డాలస్.

"మామయ్యా, ప్లీజ్! బయట జాంబీలు తలుపు కొడుతున్నాయి" అని మెల్‌బోర్న్.

"ఒక్క నిమిషం ఆగండర్రా, ఇక్కడేదో నీలంగా మెరిసింది."

"నీ వజ్రాలు ఎక్కడికీ పోవురా, పైకి రా" అని నేను.

ఇంతలో డాలస్ మైకులోనుండి మా కోడలి కంఠము ఖంగుమని వినబడును: "ముందు నువ్వు పడుకోరా! రేపు పొద్దున్నే ఈతకి వెళ్లాలి." లోకపాలకుడు ఒక లోకమున పినతండ్రిని నిద్రపొమ్మని గద్దించుచు, ఇంకొక లోకమున తాను నిద్రపోనని తల్లితో మొరాయించుచుండ, మెల్‌బోర్న్ పిల్లకు భోజనమునకు పిలుపు వచ్చును, నాకు పాలవాడు గంట కొట్టును.

ఇక గోడ సంగతి. ఏటియొడ్డున చదునైన తావు చూచి నేనొక మండువా లోగిలి కట్టుకొంటిని: నడుమ వాననీరు పడుటకు తొట్టి, చుట్టును వసారా, వెలుపల నిలువెత్తు రాతి ప్రహరీ. కట్టుట ముగించి దక్షిణపు కొండయెక్కి దానిని తనివితీర చూచుకొని మురిసి, మరునాడు ప్రవేశించినపుడు తూర్పు గోడ ఆవలినుండి "అంబా" యను ధ్వని విననయ్యెను. మా తమ్ముని కుమారుడు ఆవులదొడ్డి వేసినాడు. మూడు వైపుల కొయ్యకంచె నాటి, నాలుగవ వైపునకు నా ప్రహరీని వాడుకొని, అంతమేర కంచె ఆదా చేసినాడు. 89 వేల కోట్ల ఎకరములలో ఒక్క మీటరైనను ఎడము విడువలేదు!

"ఒరేయ్, ఇంత భూమి పెట్టుకుని నా గోడకే ఆనించాలిట్రా?"

"మనవాళ్లం పక్కపక్కనే ఉంటే బాగుంటుందని, పెదనాన్నా."

"గోడ ఎవరిది?"

"గోడ మీదే పెదనాన్నా. ఆనుకున్నది మాత్రం నేను."

ఈ వాక్యమును నేనిదివరకే వినియుంటిని. పెద్దల ఇంటి నడిమి గోడ విషయమై వీని తండ్రికిని నాకును మునసబు కోర్టులో నడచి, సాక్షులు అలసి రాజీతో ముగిసిన వ్యాజ్యమున, ప్రతివాది వాఙ్మూలము అక్షరశః ఇదియే. పిల్లవాడు అప్పటికి పుట్టియైనను ఉండలేదు.

నోటీసు ఇయ్యక తప్పదని నిశ్చయించితిని. ఈ లోకమున వ్రాతకోతలకు కొయ్యపలకలు కలవు. ఒక్కొక్క పలకకు నాలుగు పంక్తులు మాత్రమే పట్టును. "పైన తెలుపబడిన ప్రహరీ నా స్వకష్టార్జితమనియు, దానిని ఆశ్రయించి మీరు నిర్మించిన పశువులదొడ్డి నా అనుభవ స్వాతంత్ర్యములకు భంగకరమనియు, కావున ఈ నోటీసు అందిన తక్షణము" అని, ఇంగ్లీషు అక్షరములతో తెలుగును కూడబలుకుకొనుచు నేను మొదలిడగా, క్రియాపదము వచ్చునప్పటికి పలకలు గోడ పొడవును దాటి, చెరకుతోట ప్రక్కగా తిరిగి, ఏటిలోనికి దిగినవి. వాడు మొదటినుండి తుదివరకు నడచుచు చదివి, తుదిపలక ప్రక్కన తానొక పలక నాటి, "చూశాను పెదనాన్నా" అని వ్రాసి పోయెను.

నా దుఃఖమున మెల్‌బోర్న్ పిల్ల నన్నోదార్చుటకు చెప్పిన వృత్తాంతము మిక్కిలి ఆసక్తికరమైనది. డెన్మార్క్ ప్రభుత్వపు భూమాపన శాఖవారు, అనగా నా వృత్తి సోదరులు, 2014లో తమ దేశమంతటిని ఇంటికి ఇల్లు, వీధికి వీధిగా, అదే పరిమాణమున ఈ ఆటలో నిర్మించి ప్రజలకు తెరచియుంచిరట. ఎవరును కూల్చకుండుటకై మందుగుండును నిషేధించిరి. అయితే మందుగుండు నింపిన గనిబండి వేరొక వస్తువు. దానిని నిషేధించుట మరచిరి. అంతట అల్లరిమూకలు ఆ బండ్లతో కొన్ని ఇండ్లను పేల్చి, ఆ స్థలమున అమెరికా జెండాలు పాతిరి. నిషేధపు ఉత్తరువులో బండి యను మాట పడకపోవుటచే ఊళ్లు ఎగిరిపోవుట మా శాఖలో కొత్తకాదు కాని, ఇంత కన్నులపండువుగా జరుగుట మాత్రము నేనెరుగను.

నా గోడకు జెండా పాతువారు రాలేదు, క్రీపరు వచ్చెను. ఇది పచ్చగా, చేతులు లేక, నాలుగు పొట్టి కాళ్లపై నిలువుగా నడచు జంతువు. పెర్సన్ పందిని చేయబోయి పొడవునకు ఎత్తును, ఎత్తునకు పొడవును వేయుటచే ఇది పుట్టినదట. చప్పుడు చేయక వెనుకకు వచ్చి, ఒక్క బుస కొట్టి, తానును పేలి మన కట్టడమును పేల్చును. తూర్పు గోడ నడుమ గుంట పడెను. ఆ సందునుండి ఆవులు ఒక్కొక్కటిగా మండువాలోనికి విచ్చేసినవి. క్రీపరు మనుష్యుని వెంబడించి వచ్చును గాని గోడను వెంబడించి రాదు గనుక, అది ఎవరి కొరకు వచ్చెనన్నదే ఇచ్చట విచారణాంశము. "మీకోసమే పెదనాన్నా, నేను గనిలో ఉన్నాను" అని వాడు. నిద్రపోవు వేళ గనిలో ఏల ఉండవలెనని నేను. క్రీపరులకు పిల్లి యన్న భయమని చెప్పి మెల్‌బోర్న్ పిల్ల పచ్చిచేపతో ఒక పిల్లిని మచ్చిక చేసి తెచ్చెను. మా ఆవిడ కళ్లజోడు సవరించుకొని నా భుజము మీదుగా తెర చూచి, "పాలు తాగుతుందా?" అని అడిగెను. త్రాగదంటిని. "అయితే ఉండనివ్వండి."

వివాదము దేవేంద్రుని సన్నిధికి పోగా, వాడు పినతండ్రిని వేయి దిమ్మల దూరమునకు తరలిపొమ్మని తీర్పు చెప్పెను. మా తమ్ముని కుమారుడు మారుమాటాడక ఆవులను త్రాళ్లకు కట్టుకొని కొండ దాటిపోయెను. ఆపైన తూర్పు గోడ చూడ ముచ్చటగా నుండెను. నేను దాని వెంబడి అటునిటు నడచితిని. నోటీసు పలకలు నేనే చదువుకొంటిని. మూడవ పలకలో ఒక వర్ణదోషము కనబడగా దిద్దితిని. పిల్లి తొట్టి గట్టున కూర్చుండెను.

నాలుగు శనివారములైనను గడచెనో లేదో, సాయంసంధ్యవేళ వాడు ఆవులను ఈడ్చుకొనుచు కొండ దిగుచుండెను.

"ఏమిరా, తిరిగొచ్చావ్?"

"అక్కడ గడ్డి బాగోలేదు పెదనాన్నా."

ఆ లోకమున గడ్డి ఎచ్చటనైనను గడ్డియే. తీర్పును అక్షరమునందు గౌరవించినవాడై వాడు తూర్పు గోడ ఛాయకైనను పోలేదు; ఈమారు దొడ్డిని పడమటి గోడకు ఆనించినాడు. పడమటి గోడకు సంబంధించిన నోటీసు ప్రస్తుతము సిద్ధమగుచున్నది. నా యొద్ద పలకలు చాలకపోగా వాడే ఇరువది అప్పిచ్చినాడు.