చీటీలో పేరు

ఆ శనివారం బందరులో మా ఆసుపత్రి స్టాఫందరికీ ‘పనిలో ఆధ్యాత్మికత’ మీద క్లాసు పెట్టారు. విజయవాడ నుంచి వచ్చిన మేడం ఎంతో బాగా చెప్పారు. ఆధ్యాత్మికత అంటే పూజలూ భజనలూ కాదట. చేసే పనికి అర్థం కనపడాలి, పక్కవాళ్ళు మనవాళ్ళనిపించాలి, మనిషి లోపలి జీవితానికీ చోటుండాలి. ఆష్మోస్, డ్యూషాన్ అనే ఇద్దరు 2000లో ఇదే రాశారట. ఒళ్ళూ బుద్ధీ మనసూ మూడూ పెట్టి చేస్తేనే మనిషి పనిలో ఉన్నట్టని విలియం కాన్ 1990లోనే అన్నాడట. 1991లో పుట్టపర్తిలో మొదలైన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో రోగి దగ్గర పైసా తీసుకోరని చెబుతుంటే హాలంతా నిశ్శబ్దం. నైట్ డ్యూటీ దిగి వచ్చిన నాకు కూడా నిద్ర రాలేదు.

చివర్లో తలా ఒక చీటీ ఇచ్చి, “ఇక్కడ పనిని పూజలా చేసేది ఎవరు? ఒక్క పేరు రాయండి, సర్టిఫికెట్ ఇద్దాం” అన్నారు.

నాకు ఆలోచించే పనే లేకపోయింది. ముందురోజే చూశాను. చినగొల్లపాలెం నుంచి వచ్చిన ముసలాయన రెండు రోజులుగా పచ్చి మంచినీళ్ళు ముట్టడం లేదు. కృత్తివెన్ను ఆయమ్మ ఆయన్ని పక్కకు తిప్పి, వీపు గోరువెచ్చటి నీళ్ళతో తుడిచి, పౌడరు అద్దింది. తర్వాత రాగిజావ గ్లాసు పట్టుకుని మంచం పక్కన కూర్చుంది. “వేటకెళ్ళాలా వద్దా తాతా? ఒక్క గుటక” అంటూ గ్లాసు ఖాళీ అయ్యేదాకా లేవలేదు. సెలైనుతో మేం చేయలేనిది ఆ అరగంట చేసింది.

మేడం చీటీలు విప్పి చదువుతుంటే అన్నిట్లో దాదాపు ఒకటే మాట: ‘కృత్తివెన్ను ఆయమ్మ’. అసలు పేరు ఎవరికీ తెలియదు. ఆఫీసాయన రిజిస్టరు తిరగేసి, “ఆమె మన స్టాఫ్ కాదండీ, ఏజెన్సీ మనిషి” అన్నాడు. మేం ఊరుకోలేదు. సర్టిఫికెట్ ఆమెకే ఇవ్వాలని పట్టుబట్టాం. పేరు కనుక్కురమ్మని నన్ను పంపారు.

మెట్ల కింద గదిలో నీలం కోటు మడత పెడుతోంది.

“ఆయమ్మా, నీ పూర్తి పేరేంటి?”

“ఇప్పుడెందుకులే సిస్టరమ్మా. మా సూపర్‌వైజరు ఈ కాగితం చేతిలో పెట్టి కోటు ఇచ్చేసి పొమ్మన్నాడు. నాకు చదువు రాదుగా, ఏం రాశారో కాస్త చూసి చెప్పు” అంది.

ఆమె పేరు ఇంటిపేరుతో సహా పైనే ఉంది. కింద రెండే ముక్కలు:

‘రోగుల దగ్గర ఎక్కువసేపు కూర్చుంటున్నది. రేపటి నుంచి పనికి రానవసరం లేదు.’